చివరి బల్ల

శనివారం రాత్రి
పొయ్యిలో తడికట్టె చిటపటలాడుతుంటే
రేపటి పఠనాన్ని మూడుసార్లు పైకి చదువుతాను.
వినేది పిల్లి, కెటిల్,
గోడవతల వాన.
ఈ చిలోయె దీవిలో వానకి వేరే పని లేదు.

ఫాదర్ పడవలో వస్తాడు,
సముద్రం ఒప్పుకుంటే, రెండు నెలలకోసారి.
మిగతా ఆదివారాలు మావే.
అప్పం ఉండదు, మాట ఉంటుంది.
ఆ మాట చదివేదాన్ని నేను,
ఎదెల్మీరాని,
షెడ్డులో ఆరో నంబరు గట్టు దగ్గర
రోజుకి నాలుగు బుట్టల ఆల్చిప్పలు ఒలిచేదాన్ని.
నా గొంతు బాగుంటుందంటారు.
అబ్బే అంటూనే, ఆ మాట పూర్తయ్యేదాకా ఆగుతాను.

నాకు ముందు ముప్ఫై ఏళ్లు బెలార్మీనో చదివాడు.
చూపు పోయాక పుస్తకం నా చేతిలో పెట్టి
చివరి బల్ల మీదికి వెళ్లిపోయాడు.
అక్కడ కప్పు కారుతుంది.
అందుకే ఆ చోటుకి పోటీ లేదు.

విందుకి పిలిస్తే చివరి చోట కూర్చోమన్న సువిశేషం
ఆగస్టు ఆఖర్లో వచ్చింది.
చదువుతూ తలెత్తి చూశాను.
టోపీ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని
పడే చుక్కల్ని అందులో పడుతున్నాడు,
పాలు పితికించుకునేవాడిలా, తొందర లేకుండా.
నాకు నవ్వొచ్చింది.
నవ్వుని దగ్గుగా మార్చాను.

సెప్టెంబరులో ఎర్ర పోటు వచ్చింది.
నీళ్లు చూస్తే మామూలుగానే ఉన్నాయి,
విషం ఆల్చిప్ప కడుపులో.
షెడ్డు తలుపుకి కాగితం అంటించారు.
కత్తి కడిగి గుడ్డలో చుట్టి
సొరుగులో పెట్టాను.
మొదటి వారం దుంపలు. రెండో వారం దుంపలు.
మూడో వారం అప్పు.

అక్టోబరు మొదటి ఆదివారం
సువిశేషంలో ఆవగింజ, అంతకుముందు హబక్కూకు:
ఎంతకాలం మొరపెట్టుకోవాలి, నువ్వు వినవేం, అని.
శనివారం పిల్లికి మూడుసార్లు చదివినప్పుడు ఏమీ కాలేదు.
అక్కడ, అందరి ముందు,
"ఎంతకాలం" దగ్గర నోరు పెగల్లేదు.
ఇంత మంచి గొంతూ
ఎండిన పంపులా గురగురమని ఆగిపోయింది.
ఆవగింజలో అరభాగం కూడా లేదు నాలో.

అప్పుడు చివరి బల్ల నుంచి
మిగతా పఠనం వచ్చింది.
మెల్లగా, ఒక్క మాట తడబడకుండా,
చూపులేని ముసలాడి నోట.
ఒక్కచోట మాత్రం,
దర్శనం ఆలస్యమైతే కనిపెట్టుకుని ఉండు అనాల్సినచోట
పడవ ఆలస్యమైతే కనిపెట్టుకుని ఉండు,
తప్పక వస్తుంది, అన్నాడు.
నేను తప్ప ఎవరూ గమనించలేదు.
పుస్తకం నా ముందుంది కదా మరి.

బయట చూరు కింద అడిగాను.
"అక్షరం ముక్క రాదమ్మా నాకు.
శనివారం రాత్రి మా ఓర్తెన్సియా మూడుసార్లు చదివేది.
పొద్దున్న పుస్తకం తెరిచి
దాని గొంతు వినేవాణ్ని.
పడవ అనే చదివేది అది.
తప్పా?"

ముప్ఫై ఏళ్లు
పేజీ ఎప్పుడూ ఆలస్యంగా తిప్పేవాడు.
చిన్నప్పుడు మేం వెక్కిరించేవాళ్లం.
తప్పేం లేదు తాతా, అన్నాను.
ఇంకేదో అనబోయి
కండువా సర్దుకున్నాను.

మూడు వారాల తర్వాత, పఠనం ముగించి
నా ముందు వరుసకి పోలేదు.
చివరి బల్ల చెమ్మగా, చల్లగా ఉంది.
నిజం చెప్పాలంటే బాగోలేదు.
దీనుడి మొర మబ్బుల్ని చీల్చుకుపోతుందని
ఇప్పుడే చదివి వచ్చాను.
మా మబ్బులు దళసరివి.
తలుపు మీద కాగితం ఇంకా అక్కడే ఉంది.

నా భుజం మీద చుక్క పడిన చప్పుడు
ఎలా విన్నాడో,
టోపీని రెండు వేళ్లంత నా వైపు జరిపాడు.

"వచ్చేవారం ఏముంది?"
"చెట్టెక్కిన పొట్టివాడు."
"అది నాకిష్టం," అన్నాడు.
శనివారం రండి, అన్నాను,
కుర్చీలోంచి పిల్లిని లేపుతాను.